ఆకాశరామన్న సంతకం చేయడు

ఊరూ పేరూ లేని ఉత్తరానికి మనవాళ్ళు ఆకాశరామన్న ఉత్తరమని పేరు పెట్టారు. పేరు లేనివాడికి కూడా ఒక పేరు పెట్టుకున్న జాతి మనది. ఆ ఉత్తరం ఊరి పెద్ద దిగమింగిన సొమ్ము లెక్క బయటపెట్టేది. కుదిరిన పెళ్ళి సంబంధాన్ని చెడగొట్టేది కూడా. అన్యాయాన్ని వెల్లడించిన ఆకాశరామన్నా, అపనిందలు మోసిన ఆకాశరామన్నా ఒకే సిరాతో రాశారు. అందుకే తెలివిగల పెద్దలు ఆ ఉత్తరాన్ని వెంటనే నమ్మనూ లేదు, చదవకుండా చించి పారవేయనూ లేదు. చదివారు, విచారించారు, నిజమైతే పట్టించుకున్నారు.

ఈ రెండు దశాబ్దాల్లో ఆకాశరామన్న తపాలా పెట్టెను వదలి అంతర్జాలంలో కాపురం పెట్టాడు. అతని మాట ఇప్పుడు ఒక ఊరితో ఆగదు. గంటలో లక్షలమందికి చేరుతుంది. అంతకంటే పెద్ద మార్పు మరొకటి జరిగింది. పాత ఆకాశరామన్నకు కీర్తి అక్కరలేదు. దొరికిపోకుండా ఉంటే చాలు. కొత్త ఆకాశరామన్న పేరు చెప్పకుండానే పేరు సంపాదించుకుంటున్నాడు. ముఖం చూపకుండానే అభిమానులను కూడగట్టుకుంటున్నాడు. రాజకీయాల్లో అతడొక నాయకుడు, ఒక తార, ఒక్కోసారి ఒక సరుకు. దాక్కోవడానికి పుట్టిన ముసుగు చూపించుకోవడానికి పనికివస్తున్నది.

దీన్ని చూసి కొందరు ముసుగులన్నీ పీకివేయాలంటున్నారు. కొందరు ముసుగే విప్లవమంటున్నారు. నేను ఈ రెండు మాటలనూ ఒప్పుకోలేను. బలవంతుని ఎదుట బలహీనునికి ముసుగు ఒక హక్కు అని నా నమ్మకం. ఆ ముసుగే ప్రసిద్ధికెక్కిననాడు అది ఎవరి కోసం పుట్టిందో వారినే కప్పివేస్తుందనీ నా నమ్మకం. ఈ రెండింటినీ కలిపి ఆలోచించవలసిన అవసరం అందరికంటే ఎక్కువగా పొరుగు రాష్ట్రాల్లో బతుకుతున్న మనకు ఉన్నది. ఎందుకో చివర చెబుతాను.

వేషం వేరు, ముసుగు వేరు

మెకంజీ దొర సేకరింపజేసిన కైఫియతుల్లో మాచుపల్లె కైఫియతు ఒకటి. కడప సీమలో సిద్ధవటం ప్రాంతాన్ని ఏలుతున్న సమ్మెట గురవరాజు పన్నులు రాబట్టడానికి స్త్రీలను సైతం చిత్రహింసలు పెట్టేవాడట. ఆ దారిన వచ్చిన కూచిపూడి భాగవతులు ఆ ఘోరం చూశారు. విజయనగరం చేరి, వీరనరసింహరాయల కొలువులో ఆ దృశ్యాన్నే వేషం కట్టి ఆడి చూపారు. సంగతి గ్రహించిన రాయలు సేనను పంపి గురవరాజును పట్టించి మరణదండన విధించాడు. 16వ శతాబ్ది తొలినాళ్ళ ఈ ముచ్చటను కూచిపూడి చరిత్ర చెప్పేవారు తప్పక తలచుకుంటారు.

ఊరూరా తిరిగి ఆడుకునే కళాకారునికి రాజు ముందు నిలిచి ఫలానా దొర దుర్మార్గుడని నేరుగా చెప్పే అధికారం లేదు. వేషానికి ఉన్నది. కాని ఆ వేషం వెనుక ఎవరున్నారో కొలువులో అందరికీ తెలుసు. మేళం ఏ ఊరిదో తెలుసు, నాయకుడెవరో తెలుసు. ఆడి చూపింది అబద్ధమని తేలితే పోయేది వారి తలలే. వేషం వారికి నోరునిచ్చింది. ఆ మాటకు పూచీ నుంచి మాత్రం తప్పించలేదు. మన పగటివేషగాళ్ళ సంగతీ అంతే. కరణాన్నీ, కోమటినీ, అమీనునూ నడివీధిలో ఎగతాళి చేసినవాడు ఆట ముగిశాక రంగు కడుక్కుని అదే వీధిలో సంభావనకు చేయి చాచేవాడు. చెప్పిన మాటకు అతడు ఊరివారి ఎదుట నిలబడే ఉన్నాడు.

వేషం మాటను ముందుకు తెస్తుంది, మనిషిని పక్కన ఉంచుతుంది. ముసుగు మనిషిని దాస్తుంది. దాని వెనుక మాట ఉన్నదో లేదో మనమే చూసుకోవాలి. అయితే కూచిపూడివారికి మొర వినే రాయలున్నాడు. రాయలే గురవరాజు పక్షాన ఉంటే ఏం చేయాలి? అప్పుడు వేషం చాలదు, ముసుగు కావాలి. ఆ ముసుగు ఎంతటి మేలు చేయగలదో, ఎక్కడ దారి తప్పగలదో రెండూ ఒకే కథలో చూడాలంటే మెక్సికో దేశానికి వెళ్ళాలి.

చియాపాస్ చెప్పే పాఠం

మెక్సికోకు దక్షిణాన, గ్వాటెమాలా సరిహద్దులో చియాపాస్ అనే రాష్ట్రం ఉంది. అక్కడి కొండల్లో, అడవుల్లో త్సోత్సిల్, త్సెల్తాల్, చోల్, తోహోలబాల్ వంటి మాయా భాషలు మాట్లాడే ప్రజలు తరతరాలుగా ఉన్నారు. భూమి పెద్ద ఆసాములది; కోర్టూ, కచేరీ, బడీ స్పానిషు భాషవి. అమెరికా, కెనడాలతో మెక్సికో కుదుర్చుకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 1994 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అదే రోజు తెల్లవారేసరికి సపతిస్తా సైన్యమనే పేరుతో వేలాది ఆదివాసులు సాన్ క్రిస్తోబాల్ మొదలైన పట్టణాలను ఆక్రమించారు. అందరి ముఖాలకూ నల్లని ఉన్ని ముసుగులు, లేదా ఎర్రని చేతిగుడ్డలు. పోరు సాగింది పన్నెండు రోజులే. ఆ తరువాత సాగిందంతా మాటల యుద్ధం.

ముఖాలు తెరిచి ఉన్నన్నాళ్ళు తమను ఎవరూ చూడలేదనీ, కప్పుకున్నాకే లోకం తమవైపు చూసిందనీ సపతిస్తాలు చెప్పుకున్నారు. ఆ మాటలో గొప్ప సత్యం ఉంది. సంతలో, బస్సులో, కచేరీ గుమ్మంలో రోజూ కనిపించే ఆదివాసి ముఖాన్ని అధికారి చూడడు, చూసినా గుర్తుపెట్టుకోడు. ఆ ముఖానికి నల్లగుడ్డ చుట్టుకోగానే దేశాధ్యక్షుడు సైతం అదెవరని అడగవలసి వచ్చింది. పైగా అందరిదీ ఒకే ముసుగు కాబట్టి నాయకుడని ఒకడు, అనుచరుడని ఒకడు కనిపించకూడదన్నది ఉద్దేశం.

కాని ఒకడు కనిపించాడు. ఉపసేనాని మార్కోస్. ముసుగు చీలికలోనుంచి పొగ గొట్టం, నోట చమత్కారం, చేతిలో కలం. అతని ప్రకటనలు పత్రికల్లో వచ్చేవి. మద్దతుదారులు వాటిని అనువదించి, అప్పుడప్పుడే ఊపిరి పోసుకుంటున్న అంతర్జాలం ద్వారా దేశదేశాలకు పంపేవారు. అంతర్జాలంలో పుట్టి పెరిగిన తొలి రాజకీయ ప్రసిద్ధుల్లో అతడొకడనవచ్చు. 1995 ఫిబ్రవరిలో మెక్సికో ప్రభుత్వం అతని ముసుగు తొలగించానని చాటింది. అతడు రఫాయెల్ గియ్యెన్ అనే మాజీ విశ్వవిద్యాలయ అధ్యాపకుడనీ, ఆదివాసి కాడనీ ఫొటోతో సహా ప్రకటించింది. పేరు తెలిస్తే మాయ పోతుందనుకున్నారు. పోలేదు. మేమందరం మార్కోసులమే అంటూ రాజధాని వీధుల్లో జనం ఊరేగారు. సాన్ క్రిస్తోబాల్ అంగళ్ళలో ముసుగు బొమ్మలు, చొక్కాలు అమ్ముడయ్యాయి. దేశదేశాల విలేఖరులు, రచయితలు అడవిదారి పట్టారు. వారు వచ్చింది మార్కోసును చూడటానికి. త్సెల్తాల్ మాట్లాడే రైతు వారికి ఫొటోలో వెనుకవరుస.

అందరినీ సమానం చేయడానికి తొడిగిన ముసుగు ఒకణ్ణి అసమానుణ్ణి చేసింది. అది కూడా ఎవరిని? పత్రికలవారికి అర్థమయ్యే భాషలో, వారికి నచ్చే చమత్కారంతో రాయగలిగినవాణ్ణి. ఇందులో అతని దురాశ ఉన్నదని నేననను. నోరున్న భాషవాడు నోరులేని భాషవారి తరఫున మాట్లాడితే వెలుగు మాట్లాడినవాని మీదే పడుతుంది. ఇది లోకం పోకడ.

ఆ ఉద్యమం గొప్పతనమేమిటంటే ఈ ప్రమాదాన్ని అది గుర్తించింది. 2001లో సపతిస్తాలు చియాపాస్ నుంచి రాజధానికి పెద్ద యాత్రగా వచ్చారు. మార్చి 28న మెక్సికో పార్లమెంటు భవనంలో మాట్లాడే అవకాశం లభించింది. దేశమంతా టెలివిజన్ల ముందు కూర్చుని మార్కోస్ కోసం చూసింది. అతడు లోపలికి రానేలేదు. ముసుగు ధరించిన ఎస్తేర్ అనే ఆదివాసి మహిళ వేదిక ఎక్కి, ఆదివాసిగా, పేదగా, స్త్రీగా తమ బతుకేమిటో చెప్పింది. 2014 మే నెలలో మార్కోస్ స్వయంగా ఆ పాత్రకు ముగింపు పలికాడు. ముసుగులోని ఆదివాసేతరుణ్ణి తప్ప పక్కనున్న ఆదివాసిని చూడలేని పత్రికల కోసం కట్టిన వేషమే మార్కోస్ అనీ, ఇక దాని అవసరం తీరిందనీ ప్రకటించి, హత్యకు గురైన ఒక సహచరుని పేరును తాను తీసుకున్నాడు. ఇరవై ఏళ్ళు లోకాన్ని ఆకట్టుకున్న ముసుగును మడిచి పెట్టెలో పెట్టడం చిన్న విషయం కాదు. కూచిపూడి భాగవతులు రంగు కడుక్కున్నట్టు అతడూ కడుక్కున్నాడు.

అంగడికెక్కిన ముఖం

ఇదే కాలంలో మరో ముసుగు లోకమంతా పాకింది. తెల్లని ముఖం, కోర మీసాలు, ఎత్తిపొడుపు నవ్వు. 1605 నవంబరు 5న లండనులో పార్లమెంటును పేల్చబోయి పట్టుబడిన గై ఫాక్స్ ముఖానికి అది నకలు. అలన్ మూర్, డేవిడ్ లాయిడ్ అనే ఇద్దరు బ్రిటిషు కళాకారులు 1982లో మొదలుపెట్టిన బొమ్మల కథలో నాయకుని కోసం లాయిడ్ ఆ రూపం గీశాడు. 2006లో ఆ కథ సినిమాగా విడుదలైంది. 2008 ఫిబ్రవరిలో 'అనానిమస్' అని పిలుచుకునే అంతర్జాల యువకులు సైంటాలజీ మతసంస్థకు ఎదురుగా అనేక నగరాల్లో ప్రదర్శనలు జరిపినప్పుడు ఆ ముసుగు వీధికెక్కింది. ఆ సంస్థ తన విమర్శకులను కోర్టులకీడ్చి వేధిస్తుందన్న భయంవల్ల అక్కడ ముసుగుకు అర్థం ఉంది. 2011లో న్యూయార్కు వాల్ స్ట్రీట్ ఆక్రమణ నాటికి అది ధనస్వామ్యంపై నిరసనకు గుర్తయింది.

విడ్డూరమేమిటంటే ఆ ముఖంపై హక్కులు సినిమా తీసిన పెద్ద కంపెనీవి. అమ్ముడైన ప్రతి అసలు ముసుగు మీదా ఆ కంపెనీకి వాటా ముడుతుంది. ఏడాదికి లక్షకు పైగా అమ్ముడవుతున్నాయని 2011లో పత్రికలు రాశాయి. కంపెనీల పెత్తనం పోవాలని అరిచినవాడు ఆ అరుపుకు తొడిగిన ముఖాన్ని కంపెనీ దగ్గరే కొనుక్కున్నాడు.

ఆ ముసుగుకు ఇంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. పేరు లేని గుంపులోకి ఎవరైనా రావచ్చు, పోలీసులూ రావచ్చు. 'సాబు' అనే మారుపేరుతో ఆ గుంపుల్లో పేరు మోసిన హెక్టర్ మాన్సెగూర్ 2011 జూన్‌లో పట్టుబడ్డాడు. ఆ సంగతి బయటికి పొక్కలేదు. అప్పటినుంచి నెలల తరబడి అదే మారుపేరుతో, అదే ఆవేశంతో రాస్తూనే, ప్రభుత్వ నిఘా సంస్థకు తన సహచరుల సమాచారం అందించాడు. 2012 మార్చిలో నిజం బయటపడింది. అతణ్ణి నమ్మినవారిలో ఒకడైన జెరెమీ హామండ్‌కు 2013లో పదేళ్ళ శిక్ష పడింది. సాబు కొన్ని నెలల నిర్బంధంతో బయటపడ్డాడు. మన పెద్దలు ముసుగులో గుద్దులాట అన్నది ఇందుకే. ఎవరు ఎవరిని గుద్దుతున్నారో గుద్దులు తినేవానికి తెలియదు.

పేరు చెప్పమన్న ప్రభుత్వాలు

ఇవన్నీ విన్నవారు, అయితే అంతర్జాలంలో అందరూ అసలు పేరుతోనే రాయాలని చట్టం చేస్తే పోలేదా అంటారు. ఆ ప్రయోగం జరిగింది. దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లలో వ్యాఖ్య రాయాలంటే గుర్తింపు సంఖ్యతో పేరు నిర్ధారించుకోవాలన్నది. దూషణలు తగ్గుతాయన్నారు. 2011 జూలైలో అక్కడి రెండు పెద్ద వెబ్‌సైట్ల నుంచి సుమారు 3.5 కోట్లమంది వివరాలు దొంగలపాలయ్యాయి. 2012 ఆగస్టులో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధన వాక్స్వాతంత్ర్యాన్ని హరిస్తున్నదని ఏకగ్రీవంగా కొట్టివేసింది.

అదే దేశంలో 'మినర్వా' అనే మారుపేరుతో ఒకాయన 2008లో ఆర్థిక విషయాలు రాసేవాడు. అమెరికాలో లేమన్ బ్యాంకు కూలుతుందని ముందే చెప్పి ప్రవక్త అనిపించుకున్నాడు. ఎవరో పెద్ద బ్యాంకు అధికారి అయి ఉంటాడని లోకం ఊహించింది. 2009 జనవరిలో పోలీసులు పట్టుకుంటే, తనంతట తాను చదువుకున్న ముప్పై ఏళ్ళ నిరుద్యోగి అని తేలింది. అంతవరకూ పొగిడినవారిలో చాలామంది పెదవి విరిచారు. అబద్ధాలు ప్రచారం చేశాడన్న కేసు మాత్రం నిలవలేదు. ఏప్రిల్‌లో న్యాయస్థానం నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆ చట్టనిబంధనే 2010 డిసెంబరులో చెల్లకుండా పోయింది. ఇక్కడ నన్ను ఆలోచింపజేసేది పోలీసుల తీరు కాదు, పాఠకుల తీరు. ముసుగు ఉన్నంతసేపు మాటను మాటగా విన్నారు. పేదవాని ముఖం బయటపడగానే అదే మాట చులకనైపోయింది. డిగ్రీ చూసి, కులం చూసి, యాస చూసి మాటకు విలువ కట్టే సమాజంలో ముసుగు పేదవాని మాటకు ఒక అవకాశమిస్తుంది. ఆ అవకాశాన్ని నేను కాదనలేను.

మన దేశంలో పేరు చెప్పి రాసినవారి గతి ఏమైందో 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో చూశాం. బాల్ ఠాక్రే మరణించినప్పుడు నగరం మూతపడటాన్ని ప్రశ్నిస్తూ ఒక అమ్మాయి సొంత పేరుతో ఫేస్‌బుక్‌లో రెండు మాటలు రాసింది; మరో అమ్మాయి మెచ్చుకుంది. ఇద్దరినీ అరెస్టు చేశారు. అందుకు వాడిన సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. మంచిదే. కాని తీర్పు వచ్చేలోగా కొట్టు తగలబడితే, ఉద్యోగం పోతే, ఊరు వదలవలసివస్తే ఆ నష్టాన్ని ఏ తీర్పూ పూడ్చదు. కనుక అందరూ పేరు చెప్పండి అన్న ఆజ్ఞ పైకి సమానంగా కనిపించినా, దెబ్బ బలహీనునికే తగులుతుంది. బలవంతునికి పేరు కవచం. బలహీనునికి అదే గురి.

మన సంగతి

ఇప్పుడు మనదాకా వద్దాం. నేను హోసూరు ప్రాంతం వాణ్ణి. బడిలో తెలుగు తరగతి నిలబెట్టాలని కోరే విజ్ఞప్తులకు సంతకాలు సేకరించే పని ఏళ్ళ తరబడి చేస్తున్నాను. తల్లిదండ్రులు చెప్పింది వింటారు, బాగుందంటారు, కాఫీ ఇస్తారు. కలం అందించేసరికి చాలామంది వెనకాడతారు. దుకాణం లైసెన్సు తిరగరాయించుకోవాలి, పిల్లవానికి సర్టిఫికెట్టు కావాలి, పక్కింటివారు ఏమనుకుంటారో. ఆ భయాన్ని పిరికితనమని నేననను. మూడువందల ఏళ్ళనుంచి ఇక్కడే ఉన్నా, ఎక్కడినుంచి వచ్చారని అడిగించుకునేవారి భయమది. వారు ఆకాశరామన్నలుగానైనా తమ గోడు చెప్పుకోగలగాలి. పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుని ఉత్తరాన్ని మన పత్రికలు ఎప్పటినుంచో వేస్తున్నాయి. అక్కడ పేరు లోకానికి తెలియదు, సంపాదకునికి తెలుసు, పూచీ సంపాదకునిది. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలోని వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు జైలుకు వెళ్ళారు. పత్రిక అంటే మాట వెనుక ఎవరో ఒకరు నిలబడటం.

అంతర్జాలంలో ఆ నిలబడేవాడు లేడు. అక్కడ తెలుగు పేరు చెప్పుకునే ముసుగు వీరులు కొందరు తయారయ్యారు. వారిలో కొందరు ఎక్కడో భద్రంగా కూర్చుని తమిళాన్ని వెక్కిరిస్తారు, కన్నడను కించపరుస్తారు. అటువైపునా అలాంటి ముసుగులే ఉన్నాయి. వారు తెలుగును తిడతారు. ఒకరి తిట్టు మరొకరికి మేత. ఇద్దరికీ అభిమానుల సంఖ్య పెరుగుతుంది. మరునాడు ఆ తిట్టు చేతి ఫోన్లలో తిరిగి తిరిగి హోసూరులోనో బళ్ళారిలోనో తెలుగు దుకాణదారు గుమ్మం ముందుకు వస్తుంది. మీవాళ్ళు ఇలా అన్నారటగదా అని అడిగితే అతడేం చెప్పాలి? అన్నవాడెవరో అతనికి తెలియదు. ఏ భాషవాడో కూడా తెలియదు. ఎవరో చీకట్లో విసిరిన రాయికి మా ఇంటి పెంకు పగులుతుంది. రాయి విసిరినవాడు వీరుడనిపించుకుంటాడు. ఇక్కడ ముసుగు బలహీనుణ్ణి కాపాడటం లేదు. బలహీనుణ్ణి ముందుకు నెట్టి, తాను వెనుక దాక్కుంటున్నది.

అసలు నష్టం ఇంకా లోతైనది. భాషాల్పసంఖ్యాకుల హక్కులన్నీ లెక్క మీద నిలిచినవి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించమన్నది. తరగతిలో 10 మంది, లేదా బడిలో 40 మంది పిల్లలుంటే వారి భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్న సూత్రాన్ని 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం అంగీకరించింది. ఒక ప్రాంత జనాభాలో 15 శాతం ఉంటే ముఖ్యమైన చట్టాలు, నోటీసులు ఆ భాషలో ప్రచురించాలన్నది అఖిల భారత రక్షణల పథకంలోని మాట. పది, నలభై, పదిహేను శాతం. ఇవి అభిమానుల సంఖ్యలు కావు. పేరూ, తండ్రి పేరూ, తరగతీ రాసి ఇవ్వవలసిన సంఖ్యలు. లక్షమంది మెచ్చిన వ్యాఖ్య విద్యాధికారి బల్లమీదికి రాదు. పదిమంది తల్లిదండ్రుల సంతకాలున్న కాగితం వస్తుంది; దానికి జవాబివ్వక తప్పదు. ముసుగు వీరుని వ్యాఖ్యకు చప్పట్లు కొట్టినవాడు తన పని అయిపోయిందనుకుని నిద్రపోతున్నాడు. అక్కడ తరగతి మూతపడుతున్నది.

2011 జనగణన ప్రకారం తమిళనాడులో సుమారు 42 లక్షలమంది, కర్ణాటకలో సుమారు 36 లక్షలమంది తెలుగును మాతృభాషగా చెప్పారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కచేరీలో వేరే భాష రాయించుకున్నవారు ఈ లెక్కలో లేరు. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1ని గణన తేదీగా కేంద్రప్రభుత్వం 2025లో ప్రకటించింది. ఇక్కడ ఒక సంగతి అందరికీ తెలియాలి. 1948 జనగణన చట్టం ప్రకారం ఒక వ్యక్తి చెప్పిన వివరాలను ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు. కోర్టులో సాక్ష్యంగా వాడటానికీ వీల్లేదు. లోకానికి తెలిసేది మొత్తం లెక్క మాత్రమే. రహస్య ఓటు వంటిదే ఇదీ. మనిషిని దాచి, మాటను లెక్కలోకి తెచ్చే చక్కని ముసుగు ఇది. భయపడేవారికి చట్టం ఇచ్చిన ఈ ముసుగును వాడుకోకుండా, అంతర్జాలంలో కాగితపు ముఖాలు తొడుక్కోవడం దేనికి?

కొందరు మిత్రులు నన్నొక ప్రశ్న అడుగుతుంటారు. గొంతు పెద్దది చేసేవాడు ఒకడు లేకపోతే మన గోడు ఎవరు వింటారు, పేరున్న ముసుగైనా ఉండటం మేలు కదా అని. ప్రశ్న న్యాయమైనదే. మార్కోస్ లేకపోతే చియాపాస్ పేరు నాకూ తెలిసేది కాదు. అయితే ఆ మార్కోస్ పార్లమెంటు గుమ్మం బయట ఆగిపోయి, మాట్లాడవలసినవారిని లోపలికి పంపాడు. తన వెనుక ఆ ఊళ్ళూ, ఆ సభలూ, వాటి తీర్మానాలూ ఉన్నాయి కాబట్టి పంపగలిగాడు. మన ముసుగు వీరుని వెనుక ఏ ఊరుంది? ఏ సంఘానికి అతడు లెక్క చెబుతాడు? రేపు మాట మారిస్తే ఎవరు నిలదీస్తారు? ఈ మూడింటికీ జవాబుంటే అతడు ముసుగులో ఉన్నా మనవాడే. లేకుంటే అతని ప్రసిద్ధి అతనిది, దాని ఖర్చు మనది.

అందువల్ల భాషాసంఘాల ముందు మూడు మాటలు ఉంచుతున్నాను. అన్యాయం గురించి చెప్పదలచి పేరు చెప్పలేనివారికి సంఘం అండగా నిలవాలి. వారి మాటను విచారించి, తన పేరుమీద, తన పూచీమీద బయటపెట్టాలి. మారుపేరు చాటునుంచి ఒక వ్యక్తినిగాని, పొరుగు భాషనుగాని దూషించేవాడు ఎంత ప్రసిద్ధుడైనా అతనితో మనకు పొత్తు లేదని బాహాటంగా, తమిళంలో, కన్నడంలో, ఒడియాలో, మరాఠీలో కూడా ప్రకటించాలి. ప్రభుత్వానికి పెట్టే ప్రతి విజ్ఞప్తి మీదా సంతకాలుండాలి. ఒక్కరిద్దరు నాయకులవి కాదు, ఆ తరగతిలో కూర్చునే పిల్లల తల్లిదండ్రులవి. నలుగురు కలిసి సంతకం చేసినచోట ఒక్కడి మీద గురిపెట్టడం ఎవరికైనా కష్టం. సంఖ్యాబలమే బలహీనునికి అసలైన ముసుగు.

ఆకాశరామన్న మన ఊళ్ళో ఎప్పుడూ ఉన్నాడు, ఇకమీదా ఉంటాడు. అతడు చెప్పిన దాన్ని విందాం, నిజమైతే స్వీకరిద్దాం. కాని అతణ్ణి నాయకుణ్ణి చేసి పల్లకీ ఎక్కించవద్దు. బడికి కావలసిన పదిమంది జాబితాలో అతని పేరు ఉండదు. జనగణన అధికారి తలుపు తట్టినప్పుడు అతడు పలకడు. అక్కడ పలకవలసింది మనం.